సులైలో తాగని గావా

"ఎగ్జిబిషన్‌కు ముందు రోజు ఈ సైటు నడవాలి. ఒప్పుకున్న డబ్బులోనే నడవాలి. రెండిట్లో ఏది తప్పినా నీ ఇఖామా రెన్యూ చేయను, ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్తాను. ఖలాస్."

మా మేనేజర్ జోర్డాన్ మనిషి. ఇంగ్లీషులో మొదలుపెట్టి అరబీలో ముగిస్తాడు. అరబీలోకి వచ్చాడంటే ఇక ఆ మాటకు తిరుగులేదని ఆఫీసులో అందరికీ తెలుసు. నాకు ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోమని అనలేదు. నిలబడే విన్నాను. ఇఖామా పోతే ఆ దేశంలో ఉండే అనుమతి పోయినట్టే, ఫైనల్ ఎగ్జిట్ కొడితే ఇంటిదారే.

అది రియాద్‌లో ఒక చిన్న వెబ్ ఏజెన్సీ. షాపులకు, క్లినిక్‌లకు, గిడ్డంగులకు వెబ్‌సైట్లు చేసి ఇచ్చేవాళ్లం. కంపెనీలో సౌదీలు ఎంతమందో చూసి రంగులిచ్చే నితాఖాత్ లెక్కలో మా కంపెనీ ఆకుపచ్చలోనే ఉండేది, కానీ అట్టడుగు మెట్టు మీద. ఒక్క సౌదీ అమ్మాయి ఉద్యోగం మానేస్తే ఎరుపులో పడతాం. పడితే కొత్త వీసాలు రావు, పాత ఇఖామాలు రెన్యూ కావు. పైగా బయటి దేశపు మనిషి ఒక్కొక్కడి మీద నెలనెలా ప్రభుత్వానికి కట్టాల్సిన లెవీ. ప్రతి మనిషిని చూసినప్పుడల్లా మేనేజర్ కళ్లలో ఆ లెవీయే కనిపించేది. మనం గుడ్ మార్నింగ్ అంటే అతనికి ఖర్చు వినిపించేది.

నా పని ప్రాజెక్టులను నడపడం. ఎవరు ఏం చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి, ఎంతలో చెయ్యాలి, చూసుకోవడం. దీనికి నాకు డిగ్రీ లేదు. ఇంటర్‌తో చదువు ఆగింది. మిగతాదంతా గ్రంథాలయాల్లో చదువుకున్నాను. జగిత్యాలలో ఉన్నప్పుడు శాఖా గ్రంథాలయం తలుపులు తీసేసరికి మెట్ల మీద నేనే ఉండేవాణ్ని. రియాద్‌కు వచ్చాక ఊళ్లోని పెద్ద ప్రభుత్వ గ్రంథాలయం దొరికింది. ప్రాజెక్టు నిర్వహణ మీద అక్కడున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఎంబీఏ చేసినవాళ్లు పరీక్షకు ముందు రాత్రి చదివి మరిచిపోయిన పేజీలను నేను అర్థమయ్యేదాకా చదివాను. ఇలా చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఎంబీఏ చేసినవాడు మా ఆఫీసులో ఒకడుండేవాడు. గుంటూరు వైపు మనిషి. క్లయింట్లతో మాట్లాడటం, పని పట్టుకురావడం అతని ఉద్యోగం. వయసులో నాకన్నా చిన్నవాడు. నన్ను "మాస్టారూ" అనేవాడు. ఆ పిలుపులో గౌరవం ఏ మూలా లేదు. నేను అతణ్ని "తమ్మీ" అనేవాణ్ని. నేనూ ప్రేమతో అనలేదు.

రియాద్‌లోనే సులై అనే పేటలో ఒక సౌదీ పెద్దాయనకు కోల్డ్ స్టోరేజీ గిడ్డంగులు ఉండేవి. చిన్న చిన్న కిరాణా కొట్లకు గడ్డకట్టించిన కోడి, కూరగాయలు సరఫరా చేసేవాడు. కొట్లవాళ్లు ఫోన్‌లోనే సరుకు ఆర్డరు పెట్టుకునే వెబ్‌సైటు కావాలన్నాడు. ఆహార సరుకుల ఎగ్జిబిషన్‌లో అతనికి స్టాలు ఉంది. ఆ రోజుకు సైటు తెర మీద కనిపించాలి. ఆ పనినే మేనేజర్ నా ఇఖామాకు కట్టేశాడు.

ప్లాను గీశాను. మొత్తం పనిని ముక్కలు చేశాను. ఏ ముక్కకు ఎంత సమయం పడుతుందో నేను చెప్పలేదు, ఆ ముక్క చేసేవాణ్నే అడిగాను. కోడ్ రాసేది ఒక లాహోరీ. నోరు పెద్దది, పని మాత్రం శుభ్రం. అతను చెప్పినదానికి నేను కొంత కలిపి రాసుకున్నాను, ఎందుకంటే తన పని గురించి తను చెప్పేటప్పుడు ప్రతివాడూ వీరుడే అవుతాడు. అరబీ పేజీలు కుడి నుంచి ఎడమకు, ఇంగ్లీషు పేజీలు ఎడమ నుంచి కుడికి. రెండూ మొదటి రోజు నుంచే పక్కపక్కనే కట్టాలని పట్టుబట్టాను. ఇంగ్లీషు ముందు కట్టి చివర్లో అరబీకి తిప్పుదామన్న ప్రాజెక్టులు ఎలా మునిగాయో నేను చూశాను. అన్నీ సరిగ్గా పెట్టాను. గుంటూరు మనిషి నోటిని మాత్రం ఏ ప్లానులోనూ పెట్టలేకపోయాను.

అతను వారం వారం సులై వెళ్లేవాడు. పెద్దాయన మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, గావా అనే చేదు కాఫీ తాగేవాడు, ఖర్జూరాలు తినేవాడు, తిరిగొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక కొత్త పని తెచ్చేవాడు.

"మాస్టారూ, చిన్నదే. కొట్లవాళ్లకి పాయింట్లు ఇవ్వాలంట. కొన్నదాన్ని బట్టి."

"చిన్నదా? ఎవలు జెప్పిన్రు నీకు చిన్నదని?"

"అబ్బా, పాయింట్లే కదండీ. కూడికలే కదా."

"కూడికలైతె నువ్వే గూసోని రాయి తమ్మీ. చేసేటోన్ని అడగకుండ మాటెట్ల ఇచ్చినవ్?"

"పెద్దాయన అడిగాడు. అబ్షిర్ అన్నాను. మజ్లిస్‌లో కూర్చుని మరేమంటారు? ఆగండి, మా మాస్టారు పుస్తకం తిరగేసి చెప్తారు అనాలా?"

అబ్షిర్ అంటే మీరు అడిగారంటే అయిపోయినట్టే అని. గుంటూరు మనిషికి వచ్చిన అరబీలో సగం ఆ మాటే. పాయింట్ల తర్వాత, సరుకు తెచ్చే బండి ఎక్కడుందో మ్యాపు మీద కనిపించాలన్నాడు. ఆ తర్వాత పెద్దాయన మేనల్లుడికి నచ్చిందని పేజీల రంగులన్నీ మార్చమన్నాడు. లాహోరీ కుర్చీ తిప్పి నా వైపు చూసి, "భాయ్, యే ఆద్మీ గావా పీతా హై, పసీనా హమారా నికల్తా హై" అన్నాడు. వాడి గావాకు మా చెమట. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మేనేజర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. స్కోపు, అంటే ఒప్పుకున్న పని, పెరిగితే గడువు పెరగాలి, లేదా డబ్బు పెరగాలి, రెండూ కుదరవంటే పని తగ్గాలి అన్నాను. అతను కిటికీ అద్దంలోంచి బయటకు చూస్తూ, "క్లయింట్‌కు కాదని చెప్పను, నీకు ఎక్కువ రోజులివ్వను. నువ్వు చదివావు కదా, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు.

సరే, చేశాను. కొత్త పని ఏదడిగినా దానికెన్ని రోజులు పెరుగుతాయో రాసి సంతకం తీసుకునే కాగితం ఒకటి తయారుచేశాను. చేంజ్ రిక్వెస్ట్ అంటారు. ప్రపంచంలో ఏ ఏజెన్సీలోనైనా ఇది మామూలే. అది పట్టుకుని గుంటూరు మనిషితో సులై వెళ్లాను.

పెద్దాయన స్వయంగా లేచి గావా పోశాడు. నేను ఒక్క గుక్కలో తాగి, చాలని చిన్న కప్పు ఊపి ఇచ్చేసి, సంచిలోంచి కాగితం తీశాను. ఆయన కాగితం ముట్టుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని దూరం నుంచే చూశాడు. నా వైపు కాకుండా గుంటూరు మనిషి వైపు తిరిగి, "నా ఇంట్లో నా గావా తాగి, నా మాటకు సంతకం అడుగుతున్నాడా?" అన్నాడు.

గుంటూరు మనిషి అప్పటికే లేచి నిలబడి క్షమాపణలు చెబుతున్నాడు. నన్ను చూపించి, ఇతను ఆఫీసు మనిషి, బయటికి రాడు, తెలియదు అన్నాడు. నా ఎదుటే. ఎవరింటికో పెంపుడు జంతువును తెచ్చినట్టు.

తిరుగుదార్లో కారులో అతనే మొదలుపెట్టాడు.

"చూశారుగా మాస్టారూ. నాలుగేళ్ల నుంచి నేను కట్టుకొచ్చిన పరిచయం, మీ కాగితంతో రెండు నిమిషాల్లో తగలబెట్టారు."

"నువ్వు ఊకె మాటలిస్తనే ఉంటవ్, నా ఇఖామా పోతనే ఉంటది. అది గుడ కట్టుకొచ్చుకున్న పరిచయమేనా?"

"మీ ఇఖామా సంగతి నాకెందుకండీ? నాదెవరు చూస్తున్నారు?"

ఆ సాయంత్రమే పెద్దాయన ఫోన్ చేశాడు. మేనేజర్ నన్ను పిలిచి తలుపు మూయకుండానే తిట్టాడు, అందరూ వినాలని. ఇక సులై గడప తొక్కొద్దన్నాడు. పాయింట్లూ మ్యాపూ రంగులూ అన్నీ పనిలో ఉంటాయన్నాడు. తేదీ అదే, డబ్బూ అదే.

ఆ తర్వాతి శుక్రవారం గ్రంథాలయంలో కూర్చున్నాను. ప్రాజెక్టు పుస్తకాలు తియ్యలేదు. వాటిని రాసినవాళ్లు సులై వెళ్లలేదు. అరేబియాలో ఒంటెల మీద తిరిగిన పాతకాలపు ప్రయాణికుల రాతలు ఒక అలమరా నిండా ఉండేవి. వాటిల్లో గావా గురించి వెతికాను. దొరికింది. ఒక మనిషికి మరొకరి దగ్గర తీరాల్సిన అవసరం ఉంటే, అతని ఇంటికి వెళ్లి, పోసిన గావా తాగకుండా కింద పెడతాడట. ఇంటాయన అడగాలి, నీ అవసరం ఏమిటని. తీరుస్తానని మాటిచ్చేదాకా అతిథి ఆ గావా ముట్టడు. గావా ముట్టని అతిథి తన ఇంట్లోంచి లేచి వెళ్లాడంటే ఆ ఇంటికి పరువు తక్కువ. ఇదే సంగతి మరో రెండు పుస్తకాల్లోనూ చూసి సరిచూసుకున్నాను. నేను ఒక్క పుస్తకాన్ని ఎప్పుడూ నమ్మను.

అవకాశం నేను వెతకకుండానే వచ్చింది. పని ఎంతవరకు అయ్యిందో తన చుట్టాలందరికీ చూపించాలని పెద్దాయన కబురు పెట్టాడు. గుంటూరు మనిషికి సైటు తెరవడం వచ్చు, అది ఆగిపోతే ఏం చెయ్యాలో రాదు. లాహోరీకి ఆ రోజు ఒంట్లో బాగాలేదు. మేనేజర్ తప్పనిసరై నన్నే పంపాడు.

"చూపించు, వచ్చెయ్యి. నోరు తెరవొద్దు. అర్థమైందా?"

అర్థమైందన్నాను.

మజ్లిస్ నిండా మనుషులున్నారు. పెద్దాయన తమ్ముళ్లు, కొడుకులు, నజ్రాన్ నుంచి వచ్చిన ఒక ముసలి బంధువు. లాప్‌టాప్ తెరిచి కోడి ఆర్డరు పెట్టి చూపించాను, అరబీ పేజీ, ఇంగ్లీషు పేజీ, రెండూ. బాగానే నడిచింది. తలలూపారు. మేనల్లుడు రంగులు ఇంకా మారలేదన్నాడు. గుంటూరు మనిషి వెంటనే "అబ్షిర్" అన్నాడు.

గావా వచ్చింది. కుర్రకారు పోశారు. నేను కప్పు అందుకుని ముందున్న తివాచీ మీద పెట్టాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. నోరు తెరవలేదు.

గుంటూరు మనిషి నా వైపు వంగి తెలుగులో, "తాగండి మాస్టారూ, చల్లారిపోద్ది" అన్నాడు. నేను కదల్లేదు. "ఏంటీ వేషాలు? తాగండి, చూస్తున్నారు" అన్నాడు. కాసేపటికి నజ్రాన్ ముసలాయన చూశాడు. ఇంటాయన మోచేతిని తట్టి, "నీ అతిథి గావా పెట్టేశాడు" అన్నాడు. అందరూ నా కప్పు వైపు తిరిగారు.

పెద్దాయన నన్నూ కప్పునూ చూశాడు. ఆయనకు కోపం వచ్చిందని మెడ దగ్గరే తెలిసింది. కానీ అంతమంది ముందు అడగక తప్పదు.

"నీ గావా తాగు. నీ అవసరం ఏమిటి?"

నా అరబీ బజారు అరబీ. అందుకే ఆ మాటలు ముందే కాగితం మీద రాసి బట్టీపట్టి వెళ్లాను. ఎగ్జిబిషన్ అయ్యేదాకా కొత్త పని ఏదీ అడగొద్దని, ఇప్పటిదాకా అడిగిన పాయింట్లూ మ్యాపూ రంగులూ ఆ తర్వాత చేద్దామని చెప్పాను. అంతే.

నజ్రాన్ ముసలాయన పగలబడి నవ్వాడు. "మా నాన్న కాలంలో హత్య జరిగితే రాజీ కోసం ఇలా కప్పు పెట్టేవాళ్లు! పిల్లనిమ్మని పెట్టేవాళ్లు! వీడు కోళ్ల కంప్యూటర్ కోసం పెట్టాడు!" అన్నాడు. కొడుకులు నవ్వారు. నవ్వనిది పెద్దాయన ఒక్కడే.

"ఎవరు నేర్పారు నీకు ఇది?"

"పుస్తకంలో చదివాను."

"పుస్తకంలో," అన్నాడు. "తాగు. నీ పని అయింది. ఎగ్జిబిషన్ దాకా ఏమీ అడగం." నేను కప్పు ఎత్తి తాగాను. గావా చల్లగా, చేదుగా ఉంది. ఆయన గుంటూరు మనిషితో, నాకు వినపడేటట్టు, "మాట మాటే. కానీ ఎగ్జిబిషన్ తర్వాత ఇతని మొహం నా గిడ్డంగిలో కనపడకూడదు" అన్నాడు.

పుస్తకంలో రాసినది నిజమే. అది ఎంత పెద్ద సంగతికి వాడాలో మాత్రం పుస్తకం చెప్పలేదు. ప్రాణం పోయిన ఇంటి కోసం దాచుకున్న పద్ధతిని నేను పేజీల రంగుల కోసం బయటికి తీశాను. ఆయన చుట్టాల ముందు ఆయన చెయ్యి మెలిపెట్టాను. అది నాకు ఆ రోజే తెలిసింది. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే కప్పు కిందే పెడతాను. మరి నా చెయ్యి ఎంతమంది మెలిపెట్టారు?

కారులో గుంటూరు మనిషి స్టీరింగ్‌ను గుద్దాడు.

"పెద్ద పోటుగాడివయ్యా నువ్వు! ఆయన ఇప్పుడు నాతో మాట్లాడతాడా?"

"ఇన్నొద్దులు మాస్టారూ అన్నవ్, ఇయ్యాల నువ్వు అన్నవ్. గిట్లనే ఉండనియ్యి."

"అంతా చెప్తాను మేనేజర్‌కి."

"చెప్పు. ఆయన అడిగెదాంక నేను నోరు తెరవలేదు. కప్పు కింద పెట్టిన. పోయి గదే చెప్పు."

చెప్పాడు. మేనేజర్ విని తన పని చూసుకున్నాడు. పని పెరగడం ఆగింది కాబట్టి అతనికి నష్టం లేదు. మేం మాత్రం ఆ తర్వాత ఊపిరి పీల్చుకుని పనిచేశాం. మేనల్లుడు ఫోన్ చేసి ఏదో అడగబోతే పెద్దాయనే మందలించాడని విన్నాను. ఎగ్జిబిషన్ ముందు రోజు మధ్యాహ్నం సైటు నడుస్తోంది. ఒప్పుకున్న డబ్బులో కొంత మిగిలింది కూడా. లాహోరీ పరాఠాలు తెప్పించాడు. గుంటూరు మనిషి కోటు వేసుకుని స్టాలు దగ్గరికి వెళ్లాడు. ఫోటోల్లో పెద్దాయన పక్కన అతనే ఉన్నాడు.

నా ఇఖామా గడువు దగ్గరపడింది. మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఈసారి అడగకుండానే కూర్చున్నాను.

"మూడు నెలలకు కట్టాను," అన్నాడు. ఇఖామాను మూడేసి నెలలకు రెన్యూ చేసుకునే వీలు అప్పటికి వచ్చింది.

"సంవత్సరానికి కదా మాట."

"రెన్యూ చేస్తానన్నాను. ఎన్నాళ్లకో చెప్పానా? పెద్దాయన రెండో దశ పని ఇస్తున్నాడు. నువ్వు అక్కడికి వెళ్లకూడదంటున్నాడు. ఆఫీసులోంచే నడుపు. అది కూడా సమయానికి అయితే మరో మూడు నెలలు కడతాను."

"మరి ఎంబీఏ మనిషికి?"

"అతనికి సంవత్సరం. క్లయింట్ అతన్నే అడుగుతున్నాడు."

నేను లేచాను. నా కుర్చీ దగ్గరికి వచ్చి రెండో దశ ప్లాను మొదలుపెట్టాను. పాయింట్లు, మ్యాపు, రంగులు. గుంటూరు మనిషి నా బల్ల మీద మోచేతులు ఆనించి, "మాస్టారూ, ఇంకోటుంది, చిన్నదే" అన్నాడు. చెప్పమన్నాను. రాసుకున్నాను. ఎంత పెద్దదో ఈసారి నేను చెప్పలేదు.

ఆ వారమే దమ్మాం వైపు మరో ఏజెన్సీకి దరఖాస్తు పెట్టాను. అప్పటికి కార్మిక శాఖ పోర్టల్‌లో, పాత కంపెనీ ఒప్పుకోకపోయినా, కాంట్రాక్టు ముగిసిన మనిషి కఫీల్‌ను, అంటే తన ఇఖామాకు పూచీ ఉన్న యజమానిని, మార్చుకోవచ్చు. మూడు నెలలకే రెన్యూ చేసిన మేనేజర్ నా కాంట్రాక్టు కాగితాన్ని పొడిగించడం మరిచిపోయాడు, లేదా నా వంటి వాడు పోర్టల్ నియమాలు చదువుతాడని అనుకోలేదు. నేను చదివాను. అరబీలో, నిఘంటువు పెట్టుకుని, ప్రతి షరతూ చదివాను. కొత్త కంపెనీ అభ్యర్థన పెట్టింది, నేను ఫోన్‌లో ఒప్పుకున్నాను. మేనేజర్‌కు సందేశం వెళ్లిన రోజు అతను నన్ను లోపలికి పిలిచాడు.

"రెండో దశ మధ్యలో ఉంది. ఎలా పోతావు?"

"ప్లాను ఫోల్డర్‌లో ఉంది. తేదీలన్నీ రాసిపెట్టాను."

"ఎవరు నడుపుతారు దాన్ని?"

"ఎంబీఏ చేసిన మనిషి ఉన్నాడు కదా."

అతను అరబీలోకి మారి ఏదో అన్నాడు. నేను లేచి నిలబడే సరికి ఇంకా అంటూనే ఉన్నాడు. తలుపు మూసి బయటికి వచ్చాను. లాహోరీ ఒక్కడికే చెయ్యి కలిపాను. దమ్మాంలో కొత్త ఆఫీసు కాంట్రాక్టు ఏడాదికి రాసిచ్చింది, ఇఖామా కూడా ఏడాదికి కట్టింది. సులై గిడ్డంగి రెండో దశ ఎప్పటికి పూర్తయిందో, అసలు పూర్తయిందో లేదో, నేను ఎవరినీ అడగలేదు.